అరవై మూడేళ్లకి కనిపించిన జోకర్

మూడు నెలల కిందటి దాకా జోకర్ అంటే నాకు గుర్తొచ్చేవాడు ఒక్కడే. పేకముక్క. పదమూడు ముక్కలాటలో ఎనిమిదికీ పదికీ మధ్య తొమ్మిది రాకపోతే ఆ సందులో వచ్చి కూర్చుంటాడు. రాజు లేనిచోట రాజు, రాణి లేనిచోట రాణి. ఎదుటివాడు ఆట ముగించాక మన చేతిలో మిగిలిపోతే మాత్రం వాడి విలువ సున్నా. లెక్కలోకే రాడు. నలభై ఏళ్లుగా వాణ్ణి వేళ్ల మధ్య పట్టుకుంటున్నాను గానీ ఒక్కసారి కూడా మొహంలోకి చూసింది లేదు.

ఇప్పుడు నాకు వేరే ధ్యాస లేదు. పొద్దున లేస్తే జోకర్, పడుకునే ముందు జోకర్. "అందరూ అమెరికా వచ్చి నయాగరా చూస్తారు వదినా, ఈయన బఫూన్లని చూస్తున్నారు" అని మా ఆవిడ వియ్యపురాలితో ఫోన్లో వాపోతోంది. వాపోనీ. ఈ వయసులో మనిషికి కొత్తగా ఒకటి దొరికితే దాన్ని ఊరంతా చాటకుండా ఉండగలడా? ముప్పై అయిదేళ్లు జూనియర్ కాలేజీలో డెబిట్, క్రెడిట్ తప్ప మరోటి చెప్పనివాణ్ణి. బొమ్మల గురించి నాకేం తెలుసని రాస్తున్నానో అనుకోకండి. తెలియదు గనకే రాస్తున్నాను. తెలిసినవాళ్లు ఇంత గట్టిగా అరవరు.

మొదలైంది లాస్ ఏంజిలిస్‌లో. సముద్రం చూపిస్తానని మా అల్లుడు వెనిస్ అనే పేటకి తీసుకెళ్లాడు. మెయిన్ స్ట్రీట్, రోజ్ ఎవెన్యూ కలిసే మూల దగ్గరికి వచ్చేసరికి కారు అద్దంలోంచి పైకి చూశాను.

"ఆపండి, ఆపండి!" అన్నాను.

"ఎర్రలైటు పడింది మావయ్యగారూ, ఆగే ఉన్నాం" అన్నాడు అల్లుడు.

మూల మీద ఒక అపార్ట్‌మెంటు భవనం. కింద మందుల దుకాణం. ఆ దుకాణం నెత్తిన ముప్పై అడుగుల మనిషి ఒంటికాలి మునివేళ్ల మీద నిలబడి, రెండో కాలు గాల్లోకి ఎత్తి ఉంది. గొడుగులా విచ్చుకున్న కురచ గౌను, బ్యాలే నాట్యకత్తె నడుము, నాట్యకత్తె కాళ్లు. మెడ దగ్గర్నుంచి పైకి మాత్రం మగవాడు! నాలుగు రోజులుగా గీసుకోని గడ్డం, ఎర్రటి ఉండ ముక్కు, దిగులు మొహం. సర్కస్ జోకర్ తల తెచ్చి నాట్యకత్తె మొండెం మీద పెట్టారు. నవ్వొచ్చింది. నవ్వు సగంలో ఉండగానే ఎందుకో గొంతు పట్టేసింది. అలా నవ్వూ గుటకా ఒకేసారి రావడం నాకు అంతకు ముందు ఎప్పుడో, ఎవరి పెళ్లి అప్పగింతల్లోనో జరిగి ఉంటుంది. ట్రాఫిక్ సిగ్నల్ దగ్గర జరగడం అదే మొదలు.

దాని పేరు బ్యాలెరినా క్లౌన్. చేసినవాడు జొనాథన్ బొరోఫ్‌స్కీ. పెట్టింది 1989లో. వెనిస్ సముద్రపు ఒడ్డున గారడీవాళ్లూ పాటగాళ్లూ వీధిలోనే ప్రదర్శనలిచ్చి టోపీలో చిల్లర ఏరుకుంటారు. ఆ వీధి కళాకారుణ్ణీ, పెద్ద పెద్ద హాళ్లలో టిక్కెట్టు కొని చూసే బ్యాలేనీ ఒకే ఒంట్లో కలిపేశాడాయన. ఇంకో సంగతి వింటే మీరూ నాలాగే ఎగిరి గంతేస్తారు. ఆ ఎత్తిన కాలు కదిలేది! లోపల మోటారు పెట్టి, కాలు ఆడేలా చేశాడు. ఆ చప్పుడు భరించలేకపోతున్నామని చుట్టుపక్కల వాళ్లు ఫిర్యాదు చేస్తే అప్పట్లో ఆపేశారు. వీధిలో ఆడుకునేవాణ్ణి భవనం ఎక్కించారు, ఎక్కించాక చప్పుడు చెయ్యొద్దన్నారు. జోకర్ బతుకంతా ఆ ఒక్క ముక్కలో ఉందని నాకు అప్పుడు తెలియదు.

ఇంటికొచ్చాక ఆ మొహం వదల్లేదు. మర్నాడు మా అమ్మాయి వాళ్ల ఊరి గ్రంథాలయంలో నా మనవరాల్ని పక్కన కూర్చోబెట్టుకుని బొమ్మల పుస్తకాలు తిరగేశాను. దానికి ఎనిమిదేళ్లు. జోకర్లంటే భయం. అయినా తాతయ్య కోసం ఓర్చుకుంది. ఆ మాసిన గడ్డం, ఆ వాలిపోయిన పెదవులు ఒక పేజీలో దొరికాయి. 1930లలో అమెరికాని మాంద్యం ముంచేసినప్పుడు పని పోగొట్టుకుని గూడ్సు బళ్లెక్కి ఊరూరూ తిరిగిన దేశదిమ్మరుల మొహం అది. దాన్ని సర్కస్‌లోకి తెచ్చినవాళ్లలో అందరికంటే గొప్పవాడు ఎమెట్ కెల్లీ. ఆయన వేసిన పాత్ర పేరు వేరీ విల్లీ, అంటే అలిసిపోయిన విల్లీ.

ఈ కెల్లీ మొదట సర్కస్‌వాడు కాదు, బొమ్మలు గీసేవాడు. విల్లీని ముందు కాగితం మీద గీశాడు. ఏళ్ల తర్వాత తనే ఆ బొమ్మలోకి దూరాడు! జోకర్‌ని చూసి బొమ్మ గీస్తారనుకున్నాను గానీ, బొమ్మే ముందు పుట్టి ఆ తర్వాత మనిషి జోకర్ కావడం ఎక్కడైనా విన్నామా?

ఆయన చేసే ఆట ఒక్కటి చెప్తాను. చీకటి గుడారం. నేల మీద గుండ్రంగా లైటు పడుతుంది. విల్లీ చీపురు తీసుకుని ఆ వెలుతురుని ఊడవడం మొదలుపెడతాడు. ఊడ్చేకొద్దీ అది చిన్నదవుతుంది. మూలకి చేరుస్తాడు, చివరికి చిటికెడు చేసి మాయం చేస్తాడు. అంతే ఆట. అందరూ పడీ పడీ నవ్వేవారట. నాకు మాత్రం చీపురే కనిపించింది. పని లేనివాడికి ఎవరో పని ఇచ్చారు. ఊడవడానికి చెత్త కూడా లేదు, వెలుతురే ఉంది. అయినా శ్రద్ధగా ఊడుస్తున్నాడు.

1944 జూలై 6న హార్ట్‌ఫర్డ్ అనే ఊళ్లో సర్కస్ గుడారానికి నిప్పంటుకుంది. 160 మందికి పైగా చనిపోయారు. ఆ రోజు తీసిన ఫొటో ఒకటుంది. రంగు మొహం, వేషం, పెద్ద పెద్ద బూట్లు, చేతిలో నీళ్ల బకెట్టుతో పరుగెత్తుతున్న కెల్లీ. మొహం మీది దిగులు రంగు వేసిందే. బకెట్టు మాత్రం నిజమైనది. ఆ పేజీ చూసి మా మనవరాలు, "తాతయ్యా, ఈయన మేకప్ ఎందుకు తుడుచుకోలేదు?" అంది. "టైము లేదమ్మా, డ్యూటీలో ఉన్నాడు" అన్నాను. అనేశాక నా మాట నాకే తగిలింది. డ్యూటీ. నా బుర్రలో అకౌంట్స్ పుస్తకం తెరుచుకుంది. నవ్వు అనేది మనకి వచ్చేది. జోకర్‌కి వచ్చేది జీతం. నవ్వించడం ఒక కూలి పని!

అంతే, అక్కణ్ణుంచి నాకు గోడల మీదా చేతుల మీదా ఎక్కడ జోకర్ కనిపించినా పనివాడే కనిపిస్తున్నాడు.

చేతుల మీద అన్నాను కదా. అది ఇంకో రోజు. సాయంత్రం టాకోలు అమ్మే బండి దగ్గర నిలబడ్డాం. మొక్కజొన్న రొట్టెల మీద మాంసం సర్ది ఇస్తున్న మెక్సికన్ మూలాలవాడి ముంజేతి మీద పచ్చబొట్టు. రెండు జోకర్ మొహాలు, ఒకటి నవ్వుతూ, ఇంకొకటి కన్నీరు కారుస్తూ. రంగుల్లేవు. నలుపూ బూడిద వన్నే తప్ప మరోటి లేదు. సన్నటి గీత, పొగలాంటి నీడ. పచ్చబొట్టంటే మా నాయనమ్మ మోచేతి చుక్కలే నాకు తెలుసు. కళ్లప్పగించి చూస్తుంటే అతను నవ్వి చెయ్యి దగ్గరికి పెట్టాడు. అల్లుడు దుబాసీ అయ్యాడు. "ఇప్పుడు నవ్వు, తర్వాత ఏడువు అని దీనర్థం అంటున్నాడు మావయ్యగారూ. అందరి ముందూ నవ్వాలి, ఏడుపు ఇంటికెళ్లాక."

తర్వాత తవ్వితే బయటపడింది చూడండి! స్మైల్ నౌ, క్రై లేటర్ అనేది 1966లో టెక్సస్‌కి చెందిన సన్నీ అండ్ ద సన్‌లైనర్స్ అనే బృందం పాడిన పాట పేరు. నవ్వు మొహం, ఏడుపు మొహం జంట ఇంకా పాతది, గ్రీకు నాటకాల ముసుగులది. ఆ రెంటినీ కలిపి తమ బతుక్కి గుర్తుగా మార్చుకున్నవాళ్లు అమెరికాలోని మెక్సికన్ సంతతివాళ్లు, చికానోలు. ఈ బొమ్మలు పెరిగిన చోటు జైళ్లు. జైల్లో కాగితానికి కరువు. ఖైదీలు తమకిచ్చిన చేతిరుమాళ్ల మీద బాల్‌పెన్నుతో గులాబీలు, మేరీమాత, భార్య మొహం, జోకర్ వేషం కట్టిన ఆడపిల్ల గీసి ఇంటికి పంపేవారు. ఉత్తరం రాయడం చేతకానివాడికి రుమాలే ఉత్తరం. పచ్చబొట్టు యంత్రం కూడా అక్కడే పుట్టించుకున్నారు. క్యాసెట్ ప్లేయర్‌లోని చిన్న మోటారు, సూది స్థానంలో గిటారు తీగ. ఒక్క తీగే గనక గీత సన్నగా పడింది. దొరికే సిరా నలుపే గనక అన్ని వన్నెలూ నలుపులోంచే తీయాల్సి వచ్చింది. ఆ లేమిలోంచి ఒక శైలి పుట్టింది! 1975లో చార్లీ కార్ట్‌రైట్, జాక్ రూడీ తూర్పు లాస్ ఏంజిలిస్‌లో పచ్చబొట్ల దుకాణం తెరిచి ఆ జైలు గీతని వీధిలోకి తెచ్చారు. తర్వాత కొన్నాళ్లకి, జైలు గోడల మధ్యే ఆ పని నేర్చిన ఫ్రెడ్డీ నెగ్రెటె వాళ్లతో చేరాడు. ఇప్పుడు ఆ జోకర్ మొహాలు చేతుల మీద, గోడల మీద, తళతళలాడే పాత కార్ల బానెట్ల మీద, చొక్కాల మీద. ప్రపంచమంతా.

ఆ టాకోల అతను రాత్రి పదకొండింటి దాకా నిలబడే ఉంటాడట. మాకు పొట్లం ఇస్తూ నవ్వాడు. ఆ నవ్వుని నేను మునుపటిలా తీసుకోలేకపోయాను.

ఇక్కడ నా చిన్నప్పటి సర్కస్ ఒక్క నిమిషం. మా ఊళ్లో గుడారం వేసినప్పుడు జోకర్లు ఎప్పుడు వచ్చేవారో గుర్తుందా మీకు? ఉయ్యాలల ఆట అయిపోయి, సింహాల బోను బిగించేలోపు. మేం వాళ్ల పిల్లిమొగ్గలకి కేరింతలు కొడుతుంటే వెనకాల కూలీలు చప్పుడు కాకుండా ఇనప చట్రాలు మోసుకొచ్చి బిగించేవాళ్లు. జోకర్ ఆ చట్రాలకి అడ్డం నిలబడ్డ తెర! తోలుబొమ్మలాటలో కేతిగాడూ బంగారక్కా కూడా రాముడికీ రావణుడికీ మధ్య సందు దొరికితే దూరిపోయి ఊరివాళ్లని ఏకిపారేస్తారు. ఎనిమిదికీ పదికీ మధ్య దూరే పేకముక్క ఇక్కడ కూడా అదే పని చేస్తోంది. ఖాళీని పూరించే కూలీ. ఎవరి బదులో వచ్చినవాడు. వాడి బట్టలు చూడండి, ఎవరో లావుపాటివాడు విప్పేసినవి. వాడి బూట్లు ఎవరో పొడుగాటివాడివి. ఒంటికి సరిపోయేది ఒక్కటీ ఉండదు. మనం నవ్వేది ఆ సరిపోకపోవడానికే. ఇంకొకడి పాత బట్టల్లో నిలబడ్డ పేదవాడికి నవ్వుతున్నామని ఆరేళ్ల వయసులో నాకెవరు చెప్తారు?

ఆ బూట్ల సంగతి ఎత్తాక బ్యాంక్సీ దగ్గరికి రాక తప్పదు. ఈయన ఇంగ్లండు వీధి చిత్రకారుడు. గోడల మీద రాత్రికి రాత్రి బొమ్మ వేసి మాయమవుతాడు. 2013 అక్టోబరులో నెల రోజుల పాటు రోజుకొకటి చొప్పున న్యూయార్కు వీధుల్లో పెట్టుకుంటూ వెళ్లాడు. అక్టోబరు 16న పెట్టింది రొనాల్డ్ మెక్‌డొనాల్డ్. హాంబర్గర్ల కంపెనీ జోకర్. ఫైబర్‌గ్లాస్‌తో పోసిన నిలువెత్తు రొనాల్డ్ దర్జాగా కాలు చాచి ఉంటాడు. ఎర్రటి బూటు, పడవంత. కింద కూర్చుని ఆ బూటుకి పాలిష్ పడుతున్నవాడు బొమ్మ కాదు, ప్రాణమున్న మనిషి! మాసిన బట్టల కుర్రాడు. వారం పాటు ప్రతి మధ్యాహ్న భోజనవేళా ఆ కంపెనీ దుకాణాల ముందు, రోజుకొక దుకాణం చొప్పున, ఆ బొమ్మా ఆ కుర్రాడూ. మొదటి రోజు సౌత్ బ్రాంక్స్‌లో, న్యూయార్కు పేదల పేటలో.

ఆ ఫొటో చూసి నేను కుర్చీలోంచి లేచి అటూ ఇటూ తిరిగాను. ఎందుకో చెప్తాను. పెద్ద బూట్లు జోకర్ పేదరికానికి గుర్తు కదా. ఆ పేదవాడి బూట్లని ఒక కంపెనీ కొనుక్కుంది. 1963లో వాషింగ్టన్‌లో టీవీ ప్రకటన కోసం విలర్డ్ స్కాట్ అనే ఆయన మొదటిసారి రొనాల్డ్ వేషం కట్టినప్పుడు ముక్కు స్థానంలో కాగితపు కప్పు, టోపీ స్థానంలో తిండి పెట్టిన ట్రే! నిలువెల్లా సరుకే. అప్పట్నుంచి ఆ జోకర్ కూలీ కాదు, యజమాని మొహం. బ్యాంక్సీ ఒక్క దెబ్బతో మొత్తం తిరగేశాడు. ఆ బూటు ఎంత పెద్దదైతే పాలిష్ అంత ఎక్కువ, కుర్రాడి పని అంత తెమలనిది. మనల్ని నవ్వించిన బూటే ఆ కుర్రాడి నడుము విరుస్తోంది. ముప్పై అయిదేళ్లు క్లాసులో అదనపు విలువ అని బోర్డు మీద రాశాను. నా పిల్లలకి అర్థమైందో లేదో గానీ, నాకు మాత్రం ఆ బూటు చూశాకే అర్థమైంది.

అదే రొనాల్డ్‌ని బ్యాంక్సీ 2004లో ఇంకో బొమ్మలో వాడాడు. 1972 జూన్ 8న వియత్నాంలో నాపామ్ బాంబుల మంటల్లోంచి బట్టల్లేకుండా ఏడుస్తూ పరుగెత్తుకొచ్చిన తొమ్మిదేళ్ల పిల్ల కిమ్ ఫుక్ ఫొటో మనందరం చూసిందే. బ్యాంక్సీ ఆ పిల్లని ఒక్కదాన్నీ ఉంచి, ఆమె ఒక చేతిని మిక్కీ మౌస్‌కీ రెండో చేతిని రొనాల్డ్‌కీ ఇచ్చాడు. ఇద్దరూ ఊరేగింపులో ఉన్నట్టు నవ్వుతూ జనానికి చేతులూపుతున్నారు. నేను ఎక్కువసేపు చూడలేకపోయాను. మనవరాలికి అసలే చూపించలేదు. జోకర్ నవ్వు ఎప్పుడూ మారదు, పెయింటు కదా. ఎదుట పుట్టినరోజైనా బాంబైనా అదే నవ్వు. పిల్లలకి జోకర్ని చూస్తే ఎందుకు భయమో ఆ బొమ్మ చూశాక తెలిసింది. మనం ఏడుస్తున్నా ఎదుటి మొహం నవ్వుతూనే ఉంటే భయం వెయ్యదూ? రాన్ ఇంగ్లిష్ అనే ఆయన ఇంకా మోటుగా, పాప్ ఆర్ట్ పద్ధతిలో కొట్టాడు. తన సరుకు తనే తిని పీపాలా ఊరిపోయిన రొనాల్డ్‌ని గీశాడు. 2004లో వచ్చిన సూపర్ సైజ్ మీ అనే డాక్యుమెంటరీలో కూడా ఆ జోకర్ కనిపిస్తాడు.

సరే, కంపెనీ జోకర్ మొహం కంపెనీది. మరి అసలు జోకర్ మొహం ఎవరిది? ఈ ప్రశ్నకి లండన్‌లో జవాబు ఉంది, అది కోడిగుడ్డు మీద ఉంది! నమ్మరు కదూ? 1946 ప్రాంతంలో స్టాన్ బుల్ట్ అనే సర్కస్ అభిమాని జోకర్ల మేకప్పుల్ని గుడ్డు పెంకుల మీద గీయడం మొదలుపెట్టాడు. ఒక్కొక్కరికీ ఒక్కొక్క గుడ్డు. అది క్రమంగా రిజిస్టరుగా మారింది. పెంకులు పగిలిపోతుంటే తర్వాత పింగాణీ గుడ్ల మీదికి మార్చారు. ఒకడి మొహాన్ని ఇంకొకడు వేసుకోకూడదన్నది జోకర్లలో రాయని చట్టం. కనుబొమ్మ మీద ఒక గీత, బుగ్గ మీద ఒక చుక్క తేడా ఉండాల్సిందే. ఊరూ పేరూ లేనివాడికి కూడా ఆ గుడ్డంత సొంత ఆస్తి ఉంది!

ఇక్కడ నాకు ఇంకో దీపం వెలిగింది. గోడల మీద రాత్రిపూట స్ప్రే డబ్బాతో తన గుర్తు వేసే గ్రాఫిటీ కుర్రాళ్లకీ ఇదే నియమం. ఒకడి గుర్తుని ఇంకొకడు వాడకూడదు, వాడితే వీధిలో పరువుండదు. వాళ్లూ మొహం చూపించరు, సొంత పేరు చెప్పరు. చూపించేది రంగుతో గీసిన గుర్తే. జోకర్‌కి మొహం ఉంది గానీ పేరు లేదు, బ్యాంక్సీకి పేరు ఉంది గానీ మొహం లేదు. ఇద్దరూ ఒకే కులం. వీధి గోడ జోకర్‌ని అంతగా అక్కున చేర్చుకోవడంలో ఆశ్చర్యం ఏముంది?

ఆ తెల్ల మొహానికి మూలపురుషుడు జోసెఫ్ గ్రిమాల్డి. 1778లో లండన్‌లో పుట్టాడు. తెల్లరంగు మీద బుగ్గలకి ఎర్రటి ముక్కోణాలు పెట్టి నాటకశాలల్ని ఊపేశాడు. ఇంగ్లిషు జోకర్లు ఇప్పటికీ తమని జోయీ అని పిలుచుకునేది ఈయన పేరు మీదే. మొదటి భార్య కాన్పులో పోయింది. కొడుకు తండ్రి కంటే ముందే పోయాడు. గంతులేసి గంతులేసి ఒళ్లు హూనమై, యాభై నిండకుండానే వేదిక మీద వీడ్కోలు చెప్పాడు. 1837లో చనిపోయాడు. మర్నాడు... కాదు, మరుసటి ఏడు ఆయన జీవిత కథని సరిదిద్ది అచ్చువేయించింది ఎవరనుకున్నారు? చార్లెస్ డికెన్స్! అప్పటికి ఇరవై ఆరేళ్లవాడు.

గ్రిమాల్డిని పూడ్చిన చోటు ఇప్పుడు చిన్న పార్కు. 2010లో అక్కడ నేల మీద శవపేటిక ఆకారంలో కంచు పలకలు పరిచారు. వాటి మీద అడుగు వేస్తే స్వరం పలుకుతుంది. సరైన వరసలో గంతులేస్తే గ్రిమాల్డి పాడిన పాట వస్తుందట. సమాధి మీద గంతులెయ్యమని పిలిచే కళ! బతికుండగా అందరికోసం గంతులేసి కాళ్లు పోగొట్టుకున్నవాడికి, పోయాక అందరూ వచ్చి గంతులేస్తున్నారు. బాకీ తీరుతోంది. అకౌంట్స్ వాణ్ణి, ఇంతకంటే చక్కగా టాలీ అయిన ఖాతా చూడలేదు.

బాకీ తీరనివాళ్లూ ఉన్నారు. బ్రూస్ నౌమన్ 1987లో చేసిన క్లౌన్ టార్చర్ అనే వీడియో కళలో ఒక జోకర్ తిరిగి తిరిగి మొదటికే వచ్చే జోకులో ఇరుక్కుని, ఆపలేక చెప్తూనే ఉంటాడు. ఇంకొకడు "వద్దు వద్దు" అని అరుస్తూనే ఉంటాడు. షిఫ్టు అవ్వదు. 2019లో వచ్చిన జోకర్ సినిమా హీరో కూడా మొదట రోజుకూలీ జోకరే. దుకాణం ముందు బోర్డు తిప్పే పని. ఆ బోర్డు లాక్కుని కుర్రాళ్లు కొడతారు, తర్వాత పనీ పోతుంది. అతను గంతులేసిన మెట్లు ఉన్నది బ్రాంక్స్‌లో, బ్యాంక్సీ తన బూటు పాలిష్ మొదలుపెట్టిన ఆ బ్రాంక్స్‌లోనే. ఆ సినిమా వచ్చిన నెలలోనే లెబనాన్‌లో జనం వీధుల్లోకి వచ్చినప్పుడు కొందరు ఆ జోకర్ మొహం వేసుకుని నినాదాలిచ్చారు. ఇన్నాళ్లూ మమ్మల్ని చూసి నవ్వారుగా, ఇక చూడండి అన్నట్టు. సందులో కూర్చున్న ముక్క లేచి నిలబడింది.

ఇన్ని చూశాక నాకు అందరికంటే దగ్గరైనవాడు మాత్రం వేరే. వాడు ఒక్కడు కాదు, నలభై అయిదుమంది. ఉగో రాండినోనే అనే స్విస్ కళాకారుడు 2016లో రాటర్‌డామ్ మ్యూజియంలో చూపించిన కొలువు అది. మనిషంత జోకర్లు 45 మంది, రంగురంగుల బట్టల్లో, కళ్లు మూసుకుని, నేల మీద కూర్చునీ గోడకి జారబడీ పడుకునీ ఉంటారు. ఒక్కడూ నవ్వించడు. ఒక్కడూ మన వంక చూడడు. ఒంటరిగా ఉండే మనిషి పొద్దున్నుంచి రాత్రి దాకా చేసే పనుల పేర్లు పెట్టాడు వాళ్లకి. ఊపిరి పీల్చడం, నిద్ర, లేవడం, నడవడం, వంట, తినడం, కునుకు, గుర్తు చేసుకోవడం, ఏడవడం, ఆవులింత. ఫొటోలో ఆ హాలు చూసి నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట, "అమ్మయ్య, వీళ్లకి సెలవిచ్చారు!" రెండు వందల ఏళ్లుగా డ్యూటీలో ఉన్నవాళ్లని ఒకడు కూర్చోమన్నాడు. నవ్వించక్కర్లేదు, ఊరికే ఉండండి అన్నాడు. రిటైరైన మొదటి సోమవారం పొద్దున్న నేను వీధి అరుగు మీద ఎలా కూర్చున్నానో వాళ్లు అలా కూర్చున్నారు, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక.

మొన్న ఆదివారం నేనూ మనవరాలూ కోడిగుడ్లకి చిల్లులు పొడిచాం. రెండు వైపులా సూదితో పొడిచి, ఒకవైపు నుంచి గట్టిగా ఊదితే సొన జారిపోతుంది. మా ఆవిడ ఆ సొనతో అట్టు వేస్తూ సణిగింది. పెంకులు కడిగి ఆరబెట్టి రంగులు తీశాం. నేను బుగ్గల మీద ఎర్ర ముక్కోణాలు గీశాను. "తాతయ్యా, అది గ్రిమాల్డిది" అంది మనవరాలు. తుడిచి గడ్డం పెట్టాను. "అది విల్లీది." కన్నీటి చుక్క పెట్టాను. "అది టాకో అంకుల్‌ది." ఏ గీత గీసినా దానికి ముందే యజమాని ఉన్నాడు. చేతులెత్తేశాను.

అప్పుడది నా కళ్లజోడు తీసేసి, మొహాన్ని రెండు చేతుల్తో పట్టుకుని డాక్టరులా చూసింది. "ఇక్కడ రెండు గుంటలున్నాయి. ఇవి ఎవరికీ లేవు" అంది. ముక్కుకి రెండు పక్కలా, కళ్లజోడు ఒత్తుకుని పడ్డ గుంటలు. ముప్పై అయిదేళ్లు జవాబు పత్రాలు దిద్దిన గుంటలు. గుడ్డు మీద సరిగ్గా అక్కడ రెండు ఎర్ర చంద్రవంకలు దిద్దింది. అంతే, ఇంకేం పెట్టలేదు. జోకర్లంటే భయపడే పిల్ల ఆ గుడ్డుని కిటికీలో పెట్టి వెనక్కి నిలబడి నవ్వింది. నేనూ నవ్వాను. నా జీవితంలో ఒకరు నన్ను రిజిస్టరులో రాసుకోవడం అదే మొదలు.

వచ్చే నెల తిరుగు ప్రయాణం. చేరిన సాయంత్రమే క్లబ్బులో ముక్కలు పంచుతారు. జోకర్ చేతికొస్తే ఈసారి వెంటనే సందులో పెట్టెయ్యను, కాసేపు మొహం చూస్తాను. "ఏంటి మాస్టారూ, నిద్రపోయారా? ముక్క పారెయ్యండి" అని మావాళ్లు కసురుకుంటారు. కసురుకోనీ. వాణ్ణి కాసేపు కూర్చోనివ్వండి అంటాను.